పండరి నాకిన రాళ్లు

పండరికి రాయి కనబడితే కారు ఆగుతుంది. కారు ఆగితే రాయి నోటిదాకా వెళ్తుంది. బీర్కూర్ నుంచి జుక్కల్ వరకు రోడ్డు కోసం గుట్టను కోసిన చోటల్లా పండరి నాలుక తగలని బండ లేదని ఆ దారిన తిరిగే ఆటోవాళ్లు చెప్పుకుంటారు. అది కాస్త పెంచి చెప్పిన మాటే. చెయ్యి అందనంత ఎత్తులో ఉన్నవి కొన్ని బతికిపోయాయి.

అలాగని మనిషి పనికిమాలినవాడు కాదు. వరి, చెరకు చక్కగా పండిస్తాడు. తన బొలెరోను తానే విప్పుకుంటాడు, తానే బిగించుకుంటాడు, బిగించాక నేల మీద ఒక్క నట్టు కూడా మిగలదు. మోటారు బాగుచేయడానికి వచ్చినవాడు ఎక్కువ మాట్లాడితే "నోటితోని కాదు, పానాతోని తిప్పు" అంటాడు. ఇంత పద్ధతైన మనిషి స్టీరింగ్ ముందు కూర్చుని, దూరంగా కోసిన గుట్ట కనబడగానే కొంగలా మెడ చాచి, "అబ్బబ్బ! ఏమున్నది రాయి!" అని బ్రేకు తొక్కుతాడు. వెనక కూర్చున్నవాళ్ల తలలు ముందు సీటుకు కొట్టుకుంటాయి. తర్వాత సీటు కింద నుంచి సుత్తి బయటికి వస్తుంది. ఆ తర్వాత నాలుక.

నాకడం ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. ఎప్పుడో ఒక సర్వే ఆఫీసరు వాళ్ల పొలం గట్టు మీద రాయి పగలగొట్టి, నాలుకతో తడిపి, భూతద్దం పెట్టి చూశాడట. తడిస్తే రంగు తేలుతుంది, లోపలి గింజ కనబడుతుంది అని చెప్పాడట. ఆఫీసరు ఆ రోజే వెళ్లిపోయాడు. అలవాటు ఇక్కడే ఉండిపోయింది.

"నీళ్ల సీసా ఉన్నది కద బాపు, దాంతోని తడుపు," అని కూతురు వైశాలి ఎన్నిసార్లు చెప్పిందో.

"నీళ్లతోని తడిపితే కండ్లకు తెలుస్తది బిడ్డా. నాలుకతోని తడిపితే మనిషికి తెలుస్తది."

వైశాలి సిగ్గుపడుతూనే పెరిగి పెద్దదైంది. మిగతా పిల్లలు తండ్రి తాగితేనో, తిడితేనో, లుంగీ మీద బడికి వస్తేనో సిగ్గుపడేవాళ్లు. వైశాలికి అలాంటి మామూలు కష్టాలు లేవు. ఒకసారి జ్వరమని బడి మాని, అమ్మానాన్నలతో దవాఖానకు పోతోంది. బాన్సువాడ రోడ్డు మీద పండరి బండి ఆపి గుట్ట గోడకు ముఖం ఆనించి ఉండగా బడి బస్సు అటుగా వచ్చింది. బస్సంతా కిటికీలకు వచ్చేసింది. మర్నాడు పల్లవి అనే పిల్ల తరగతిలో అందరి ముందూ అడిగింది.

"వైశాలీ, నిన్న రాయి నాకింది మీ బాపే కదా?"

"కాదు."

"మరి కారు మీదే కదా?"

"కారు మాదే. ఆయనెవరో నాకు తెల్వది."

ఇంట్లో సంగతి వేరే. కిటికీల మీద రాళ్లు, టీవీ మీద రాళ్లు, ధాన్యం బస్తాల మీద రాళ్లు. వాటిని ఎక్కడపడితే అక్కడ పెట్టకూడదు, ఎక్కడపడితే అక్కడ నుంచి తీయకూడదు. ఒక ఎండాకాలం ఆయన భార్య గంగామణి మామిడికాయ తొక్కు పెట్టి, జాడీ మూత కదలకుండా పైన ఒక నల్లరాయి పెట్టింది. పండరి చూసి గుండె పట్టుకున్నాడు.

"గంగా! అది ఆరు కోట్ల ఏండ్ల కిందటి రాయే!"

"అయితే ఏంది? బరువు మంచిగ సరిపోయింది."

ఇంకోసారి పెద్ద కొడప్‌గల్ దాటాక ఒక కోత దగ్గర నల్లబండ పొరకూ పొరకూ మధ్య ఎర్రటి పట్టీ కనబడింది. మళ్లీ వచ్చినప్పుడు ఆనవాలు ఉండాలని, గంగామణి సంచిలోంచి కుంకుమ తీసి ఆ పట్టీ పొడుగునా బొట్లు పెట్టి వచ్చాడు. నెల తర్వాత పోయి చూస్తే అక్కడ పచ్చగుడ్డ కట్టి ఉంది. కొబ్బరి చిప్పలున్నాయి. పక్క తండా ఫూల్‌సింగ్ అగరుబత్తి వెలిగిస్తున్నాడు.

"ఎవరో బొట్లు పెట్టిపోయిండ్రే అన్నా. పెట్టినంక ఊకుంటమా? నిమ్మలంగ ఉండాలె గని తల్లి."

పండరి చేతిలో సుత్తి ఉంది. దాన్ని నెమ్మదిగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. చెప్పులు విడిచి దండం పెట్టాడు. ప్రసాదం తీసుకుని వచ్చి బండి ఎక్కాడు. "మంచి రాయి పాయె," అని పిట్లం దాకా బాధపడ్డాడు.

వీటన్నిటిలో వైశాలికి అంతుపట్టనిది తల్లి. కూరలో ఉప్పు తక్కువైనా, కరెంటు పోయినా, కోడి పక్కింట్లో గుడ్డు పెట్టినా ఊరంతా వినబడేలా అరిచే గంగామణి, ఈ రాళ్ల దగ్గర మాత్రం ఒక్క మాట అనదు. పైగా ఒక్కోసారి ఆమే కిటికీలోంచి చూపించి, "ఏమయ్యా, గదేం రాయి?" అని అడుగుతుంది. ఇక అడగాలా! బండి అక్కడే ఆగిపోయేది. ఇద్దరికి ఇద్దరూ సరిపోయారు అనుకుని వైశాలి దుపట్టా ముఖం మీదికి లాక్కునేది.

పెళ్లి కుదిరినప్పుడు ఆమె తండ్రి దగ్గర ఒకే మాట తీసుకుంది. "మా అత్తగారోళ్ల ముంగట నువ్వు రాయి ముట్టొద్దు." పండరి మాట నిలబెట్టుకున్నాడు. పెళ్లి మంటపం మెట్లకు వేసిన గ్రానైటును చూసి కూడా, పాపం, ఒక్కసారి చేత్తో నిమిరి ఊరుకున్నాడు.

వైశాలి అత్తగారిల్లు బాన్సువాడలోనే. మామ రామబ్రహ్మం గడియారం చూసి తుమ్మే మనిషి. అత్త ప్రేమల మెత్తగా మాట్లాడుతుంది, అదీ తక్కువగా. భర్త అఖిలేశ్ మంచివాడే గాని తండ్రి గొంతు వినబడితే బనియన్ సర్దుకుంటాడు. ఆ ఇంట్లో ఏ పని చేసినా "మీ బీర్కూర్ల గిట్లనే చేస్తరా?" అనే మాట వస్తుంది. ఇంకా ఏడాది కాలేదు పెళ్లయి. వాళ్ల దృష్టిలో తనూ, తన పుట్టిల్లూ ఒక లెక్కలోకి రావాలని వైశాలి ఎంత జాగ్రత్తగా మసలుతోందో ఆమెకే తెలుసు.

అలాంటప్పుడు జుక్కల్‌లో రామబ్రహ్మం చెల్లెలి మనవడికి తొట్టెల ఫంక్షన్ వచ్చింది. మేనమామ తరపు పెద్దగా రామబ్రహ్మం చేతుల మీదుగా పిల్లవాణ్ణి తొట్టెలలో వేయాలి. ఆయన కారు రిపేరుకు పోయింది. అఖిలేశ్ ముందుగా మోటార్ సైకిల్ మీద వెళ్లిపోయాడు. రామబ్రహ్మం వియ్యంకుడికి ఫోన్ చేశాడు. "బావా, మీ బండి తీస్కరా. చెల్లెను సుత తోల్కరా. అందరం కలిసి పోదాం."

వైశాలికి ఆ రాత్రి నిద్ర లేదు. పొద్దున్నే తండ్రిని వాకిట్లోనే పట్టుకుంది.

"బాపు, ఏడ గూడ ఆపొద్దు. నీకు దండం పెడ్తా. మామయ్యకు టైం అంటే టైం."

"సరే బిడ్డా."

"సుత్తి ఉందా బండ్ల?"

"సుత్తి లేకుండ బండి ఎట్ల ఉంటది?"

"బాపూ!"

"సరే అంటున్న కదనే."

పండరి, రామబ్రహ్మం ముందు కూర్చున్నారు. వెనక ఒక కిటికీ దగ్గర గంగామణి, ఇంకో కిటికీ దగ్గర వైశాలి, నడుమ ప్రేమల. బాన్సువాడ దాటుతుంటే రోడ్డు పక్కన గుండ్లు గుండ్లుగా రాళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. పండరి వాటి వంక చూడలేదు. గంతలు కట్టిన గుర్రంలా తిన్నగా పోయాడు. వైశాలికి తండ్రి మీద జాలి కూడా వేసింది.

"మా కారైతే ఇంటికాడ స్టార్ట్ అయితే పోయే ఊరి దాక ఆగదు బావా," అన్నాడు రామబ్రహ్మం. ఆ ఆగని కారు వారం రోజులుగా మెకానిక్ షెడ్డులో ఆగి ఉంది. "నడుమల దిగుడు, చాయ్ తాగుడు, గిసొంటివి నాకు నచ్చయ్. పెండ్లయిన కాన్నుంచి ప్రేమల నా ఎంబడి తిరుగుతుంది. ఒక్కనాడన్న ఆపుమన్నదా అడుగు."

ప్రేమల నవ్వింది. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

పిట్లం దాటి హైవే ఎక్కారు. కొత్తగా కోసిన గుట్ట రెండు పక్కలా గోడలా లేచింది. గంగామణి కిటికీలోంచి చెయ్యి చూపింది.

"ఏమయ్యా, గదేం రాయి?"

"అమ్మా!" అంది వైశాలి. ఆలస్యమైపోయింది. పండరి అద్దంలో ఒకసారి వెనక్కి చూశాడు. వైశాలి కళ్లు చూశాడు, చూసి కూడా బ్రేకు తొక్కాడు.

"బావా, దిగు దిగు! గిసొంటి రాయి నువ్వు జిందగీల చూడలే!"

"టైం బావా, టైం..."

"రాయికి ఫికర్ లేదు, నీకెందుకు?" వియ్యంకుడి చెయ్యి పట్టుకుని దించి, కోత చివరి దాకా లాక్కుపోయాడు. అక్కడి నుంచి పండరి గొంతు వినబడుతూనే ఉంది. "గంజి పొంగి పొయ్యి మీద పడ్తది. ఎండినంక చూసినవా బావా? బుడగలు బుడగలు ఉంటయ్. భూమి సుత గట్లనే పొంగిందన్నట్టు..."

"నేను పొయ్యికాడికి పోను బావా."

"పోవాలె బావా. గంజి పొంగుడు చూడకుంటే ఈ రాయి నీకు ఎన్నడు సమజ్ కాదు."

తర్వాత ఆయన రాయి నాకాడు. రామబ్రహ్మం అటు తిరిగి వాచీ చూసుకున్నాడు. వైశాలి కారులోంచి ఇదంతా చూసి, ఇక చూడలేక, ఫోన్‌లో తల దూర్చింది. అమ్మా అత్తా ఎటు పోయారో, ఎప్పుడు వచ్చి కూర్చున్నారో కూడా గమనించలేదు.

బండి కదిలింది. పెద్ద కొడప్‌గల్ దగ్గర మళ్లీ గంగామణి గొంతు. "ఏమయ్యా, గదేం రాయి?" మళ్లీ బ్రేకు. మళ్లీ గంజి. ఈసారి పండరి రాయిలో తెల్లగా మెరిసే పలుకులు చూపించి, "పటికబెల్లం లెక్క లేదా బావా? జర నువ్వు సుత నాకి చూడు" అని వియ్యంకుడి మూతి దగ్గరికే తెచ్చాడు. రామబ్రహ్మం రెండడుగులు వెనక్కి వేసి ముళ్లపొదలో కూర్చున్నాడు.

బండి దగ్గరికి వచ్చి పంచెకు అంటిన ముళ్లు ఏరుకుంటూ అన్నాడు. "వైశాలీ, మీ బాపుకు గిట్ల ఉంటదని పెండ్లప్పుడు ఒక మాట చెప్తే అయిపోతుండె కదమ్మా. మంచి డాక్టరుకు చూపెడ్తుంటిమి."

వైశాలి కారు దిగింది. ఒళ్లంతా మండిపోతోంది.

"నీకు సిగ్గనేది ఉన్నదా బాపు? చిన్నప్పటి సంది నీతోని తలెత్తుకొని తిరగలేకపోయిన. ఇగ ఈడ సుత నా పరువు తీస్తవా? ఆ సుత్తి లోపల పెట్టు. ఇంకోసారి బండి ఆపితే నేను ఈన్నే దిగి బస్సుల పోత!"

పండరి కూతురి వంక చూశాడు. ఏదో అనబోయి, గంగామణి వంక చూసి, మానుకున్నాడు. రాయిని మెల్లగా కింద పెట్టాడు, గుడ్డు పెట్టినంత మెల్లగా. సుత్తి సీటు కిందికి తోశాడు.

"సరే బిడ్డా."

ఇక బండి బాణంలా పోయింది. జుక్కల్ రోడ్డుకు తిరిగారు. ఒక కోత వచ్చింది, పోయింది. గంగామణి మెల్లగా, "ఏమయ్యా, గదేం..." అంది.

"అమ్మా, నువ్వు ఊకో! పోనియ్యి బాపు."

పండరి పోనిచ్చాడు. రామబ్రహ్మం "శాబాష్ కోడలా" అన్నాడు. వైశాలికి గెలిచినట్టు అనిపించింది. ఆ గెలుపు మీద కాసేపు హాయిగా కూర్చుంది.

అప్పుడు ప్రేమల చెయ్యి ఆమె చేతిని పట్టుకుంది. అత్త ఏనాడూ అలా పట్టుకోలేదు. తిరిగి చూస్తే ప్రేమల నుదుటి మీద చెమటలు, కింది పెదవి పళ్ల మధ్య ఉంది. చెవి దగ్గరికి వంగి, ఊపిరితో చెప్పినట్టు చెప్పింది.

"వైశాలీ... మీ బాపును ఇంకొక్క రాయి చూడుమనమ్మా."

"ఏంది అత్తమ్మా?"

"షుగర్ వచ్చిన కాన్నుంచి ఆగుతలేదు బిడ్డా. నిన్న సాయంత్రం సంది గుక్కెడు నీళ్లు ముట్టలే, అయినా గంతే. మీ మామకు చెప్తే, ఇంట్ల చూసుకొని రావద్దా అంటడు, అందరి ముంగట. పొద్దున మీ అమ్మ నా మొఖం చూసి తనే అడిగింది. ఇందాక రెండుసార్లు మీ బాపు పుణ్యం..." మిగతా మాట మింగేసింది.

వైశాలికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా ఒకేసారి అర్థమైంది. బాపు ఎప్పుడూ గుట్ట కోసిన చోటే ఎందుకు ఆపుతాడు? ఆ గోడల వెనకే కదా చాటు. మగవాళ్లను అందరినీ కోత చివరిదాకా ఎందుకు లాక్కుపోతాడు? గంజి కథ అంతసేపు ఎందుకు పొంగుతుంది?

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది, అది గుర్తు రాకపోయినా బాగుండేది. ఎనిమిదో తరగతిలో మేనమామ పెళ్లికి పోతున్నారు. జీపు నిండా చుట్టాలు. కడుపులో నొప్పి, లంగా తడి, భయం. తల్లి చెవిలో చెప్పి ఏడ్చింది. తల్లి బయటికి చూసి ఏదో అడిగింది. బండి ఆగింది. బాపు మగవాళ్లందరినీ దింపుకొని గుట్ట అవతలికి పోయి, ఎంతసేపు నాకాడో ఏమో, అమ్మ తన చీర చింపి, బట్టలు మార్చి, జడ వేసేదాకా తిరిగి రాలేదు. పెళ్లిలో రెండు రోజులు అందరూ "నాకుడు పండరి" అని నవ్వారు. ఆ నవ్వులకు తట్టుకోలేక వైశాలి తండ్రితో చాలా రోజులు మాట్లాడలేదు. తన కోసం నవ్వులపాలైన మనిషితో.

"ఆపు బాపు!" అని అరిచింది. "రాయి!"

అందరూ ఉలిక్కిపడ్డారు. పండరి బ్రేకు తొక్కలేదు. బుద్ధిగా అన్నాడు. "ఈడ రాయి లేదు బిడ్డా. అంత రేగడే."

నిజమే. రెండు పక్కలా బల్లపరుపుగా నల్లరేగడి. గుట్ట లేదు, బండ లేదు. కుడి పక్కన మాత్రం మనిషెత్తు కంది చేను.

"ఉన్నది! నేను చూసిన! ఆపు!"

పండరి అద్దంలోకి చూశాడు. కూతురి ముఖం చూశాడు, ఆమె చేతిని పట్టుకున్న చెయ్యి చూశాడు. బండి కంది చేను పక్కనే సరిగ్గా ఆగింది.

"మామయ్యా, మీరు దిగుండ్రి. మీకు చూపెడ్తా."

"నువ్వు సుతనా తల్లీ?" అన్నాడు రామబ్రహ్మం.

వైశాలి మామను రోడ్డుకు ఎడమ పక్కకు, బండికి చాలా దూరంగా తీసుకుపోయింది. తీరా పోయాక అక్కడ చూపించడానికి ఏమీ లేదు. రోడ్డు అంచున రాలిన ఒక కంకర ముక్క దొరికింది. వెనక కంది చేను గలగలమంది. రామబ్రహ్మం ఆ చప్పుడుకు తల తిప్పబోయాడు.

వైశాలికి ఇంకో దారి తోచలేదు. కళ్లు మూసుకుని రాయి నాకింది.

రామబ్రహ్మం తల అక్కడే ఆగిపోయింది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది.

"గంజి... గంజి పొంగుతది కద మామయ్యా," అంది వైశాలి. తండ్రి చెప్పే కథ పుట్టినప్పటి నుంచి విన్నది, ఒక్క ముక్క గుర్తు రాలేదు. "పొంగి... మరి... ఎండుతది." సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా ఇంకోసారి నాకింది.

పండరి పరుగెత్తుకొచ్చాడు. కూతురి చేతిలోది తీసుకుని, అటూ ఇటూ తిప్పి, వాసన చూశాడు. ఆయన ముఖంలో అంత బాధ వైశాలి ఎన్నడూ చూడలేదు.

"ఉమ్మెయ్యి బిడ్డా, ఉమ్మెయ్యి. రోడ్డు కంకర ఇది. తారు ఉంటది. గిసొంటిది నాకుతరానే?"

తొట్టెల వేళ తప్పలేదు. రామబ్రహ్మం పిల్లవాణ్ణి తొట్టెలలో వేసిన వెంటనే వచ్చినవాళ్లందరికీ కథ చెప్పడం మొదలుపెట్టాడు. "తండ్రికే అనుకున్న. బిడ్డకు సుత ఉన్నది. నా కండ్ల ముంగట, రోడ్డు మీద!" ఆడవాళ్లు కొంగులు మూతికి అడ్డం పెట్టుకున్నారు. అఖిలేశ్ దగ్గరికి వచ్చి, "నిజంగ నాకినవా?" అని గుసగుసగా అడిగాడు.

"నాకిన."

"ఎట్లుంటది?"

"తారు లెక్క," అని వైశాలి అన్నం గంటె తీసుకుని బంతి వైపు పోయింది.

భోజనాలయ్యాక తండ్రి షామియానా పక్కన ఒంటరిగా నిలబడి, గుంజలు పాతడానికి తవ్విన మట్టిని చెప్పుతో కెలుకుతున్నాడు. వైశాలి పక్కన నిలబడింది.

"ఇన్నేండ్లు అందుకేనా బాపు?"

"మొదలు మీ అమ్మ కోసం ఆపిన. కొత్త పెండ్లికూతురు, జీపు నిండ మా అన్నదమ్ములు, నోరు తెరిచి ఎట్ల చెప్తది? ఊకె ఆపి నిలబడితే ఎందుకని అడుగుతరు. అందుకని రాయి చూసిన." కాస్త ఆగాడు. "చూస్తే, రాయి బాగున్నది."

"నాకు చెప్పొద్దా? పొద్దున గన్ని మాటలన్న."

"చెప్తే నీకు తెలుస్తది. నీకు తెలిస్తే ఆళ్లకు సిగ్గయితది. నాకేమున్నదే, నాకుడు పండరి అన్నా పలుకుతా."

వైశాలి కళ్లు తుడుచుకోవడానికి కొంగు తీసింది. పండరి అప్పటికే వంగి మట్టిలోంచి ఒక ముక్క పైకి తీసి నోటిదాకా పట్టుకుపోయాడు.

"బాపూ!"

"ఇది మంచిదేనే! తారు లేదు!"

తిరుగు ప్రయాణానికి రామబ్రహ్మం అందరికంటే ముందు వెళ్లి బండిలో కూర్చున్నాడు. "ఎక్కుండ్రి ఎక్కుండ్రి. ఇప్పుడే చెప్తున్న, నడుమల ఆగేది లేదు." గుమ్మం దగ్గర గంగామణి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. ప్రేమల భర్త వంక చూసింది. కోడలి వంక చూసింది. చెంబు అందుకుని, తల వెనక్కి వాల్చి, గటగటా సగం తాగింది.

"ఆగుతది మామయ్యా," అంది వైశాలి, బండి తలుపు తీస్తూ. "ఒచ్చేటప్పుడు ఒక పక్క రాళ్లే చూసినం. పోయేటప్పుడు రెండో పక్కవి చూడాలె."

ప్రేమల మిగతా సగం కూడా తాగేసింది.